ఇరవైసార్లు మీట వేస్తే

స్పీకర్ల మేస్త్రి ముప్ఫయ్యేళ్లుగా చిరిగిన కోన్లు అతికిస్తున్నాడు. ఆయన్ని తొలిచే బాధ ఒక్కటే. పెట్టెలోంచి సన్నటి శబ్దం ముందు చెవికి చేరుతుంది, బొంగురు శబ్దం వెంట్రుకవాసి వెనకపడుతుంది. ఫేజు లోపం అంటారు దీన్ని. రెండింటినీ కలిపి పంపే పరికరం కోసం ఆయన రెండేళ్లు ధారపోశాడు, ఇంటి వెనక గదితో సహా. ఆ గదిలో ఉండే భార్య కుట్టుమిషను ఆ రెండేళ్లూ వంటింటి గుమ్మంలోనే ఉంది.

"భూమికీ ఆకాశానికీ ఉన్నంత తేడా!" అంటూ పరికరం పెట్టీ తీసీ పాటలు వినిపించేవాడు.

"నాకేం తెలియట్లేదండీ" అనేది ఆవిడ.

"చెవులుండాలి మరి."

ఆస్పత్రిలో వినికిడి పరీక్షలు చేసే బావమరిది ఒక ఆదివారం పంచాయితీకి కూర్చున్నాడు. "గోడవైపు తిరుగు బావా. నేను మీట వేస్తుంటా. పరికరం నడుస్తోందో లేదో నువ్వు చెప్పు. ఇరవైలో పదిహేను ఒప్పయితే గది నీది, లేదంటే అక్కది."

"పదిహేనేంట్రా, ఇరవై రాసుకో."

లోపం టక్కుమనే చప్పుళ్లలో బాగా బయటపడుతుందని మేస్త్రే కుట్టుమిషను చప్పుడు రికార్డు చేసి తెచ్చాడు. కళ్లు మూసుకుని, తలాడిస్తూ, ఒక్కసారి కూడా తడుముకోకుండా ఇరవై జవాబులూ చెప్పాడు.

తొమ్మిది ఒప్పయ్యాయి.

"బొమ్మా బొరుసూ వేసుకున్నా పదొచ్చేవి కదా బావా!"

"పొద్దుట్నుంచీ జలుబురా."

గుమ్మంలో అంచు కుడుతున్న భార్య తలెత్తింది. "అదేంటండీ, అంత తేలిగ్గా తెలుస్తుంటే? ఒకదాంట్లో సూది దిగడం, కింద దారం అందుకునే షటిల్ తగలడం ఒక్కసారే ఉన్నాయి. రెండోదాంట్లో దేని దారి దానిది. నా మిషను అలా మోగితే ఆపి నూనె వేస్తాను."

ఆవిణ్ణి గోడవైపు కూర్చోబెట్టారు. ఇరవైకి పద్దెనిమిది.

మేస్త్రి ఎగిరి గంతేశాడు. "చూశావా! తేడా ఉంది! నేను మొదట్నుంచీ మొత్తుకోవట్లేదూ?"

"ఉంది బావా. నీకు తప్ప."

ఆవిడ అప్పటికే మెళ్లో టేపు తీసి వెనక గది కిటికీ పక్కన కొలుస్తోంది.

తన పరికరం పరీక్షకు నిలబడిందని మేస్త్రి ఇప్పుడు వచ్చినవాళ్లందరికీ చెబుతాడు. ఎవరి చెవులతోనో చెప్పడు. వంటింటి గుమ్మంలో కూర్చుని స్క్రూ పావువంతు తిప్పినప్పుడల్లా మాత్రం వెనక గది దాకా వెళ్లి నిలబడతాడు.

"ఏమోయ్, కాస్త వింటావా?"

"ఈ అంచు అవనివ్వండి."