సీతారాములు మామ లెక్కలో తప్పు

“చేపల్ని ఒక్కొక్కటి లెక్కపెట్టుకుంట కూసుంటే నా పానం పోతది అల్లుడా. లెక్కపెట్టకుండ చెప్పాలె. ఆ సూది గిట్లియ్యి.”

చెరువులో మోకాటి లోతున నిలబడి, చేప రెక్కకు ఎర్ర దారం కుడుతూ అన్నాడు సీతారాములు మామ. కేతేపల్లి దగ్గర మా ఊళ్లో మగ్గం నేసే మనిషి. ఆయనకున్నది ఒకటే పిచ్చి: దేన్నీ పూర్తిగా లెక్కపెట్టడు, అన్నిటి లెక్కా చెబుతాడు.

పందొమ్మిది వందల యాభై ఎనిమిదిలో మా చెరువులో చేపపిల్లలు వదలడానికొచ్చిన ఆఫీసరు ఒక పుస్తకం ఇచ్చిపోయాడు. సముద్రంలో చేపలెన్నో అంచనా కట్టే గణితమట. సముద్రం ముఖమే చూడని మామ దాన్ని రెండేళ్లు కూడబలుక్కుని చదివాడు.

“అరవై చేపలకు దారం కుట్టి ఇడిసిన. నెలకు యాభై పడితే ఐదింటికి దారమున్నది. పదింట్ల ఒకటి నాది. ఇగ మొత్తమెన్ని?”

“ఆరు వందలు.”

“సముద్రమైనా గింతే.”

మా ఊరి బిక్షం కొడుకు పెండ్లిలోనూ తొలి బంతిలో ముప్పైమంది చేతులకు ఎర్ర దారం కట్టాడు. రెండో బంతిలో కూర్చున్నవాళ్లలో సగంమందికి దారం కనబడితే, మొత్తం అరవైమందేనని బియ్యం పోయించాడు. తొలి బంతిలో తిన్నవాళ్లే మళ్లీ కూర్చున్నారని ఆయనకేం తెలుసు? అన్నం చాలలేదు.

“నీ దారం ఉడికించి వడ్డియ్యమంటవా?” అంది అత్త యాదమ్మ.

“తప్పు లెక్కది కాదే, ఎల్లస్వామి కడుపుది. మూడు బంతులు తిన్నడు.”

అప్పటినుంచి ప్రతి లెక్కలో తప్పుకు కొంత జాగా వదిలేవాడు.

ఎండాకాలం నీళ్లు అడుగంటాక మా ఇరవై తొమ్మిది చేపలోళ్ల ఇండ్లు కలిసి చెరువు పట్టేవి. వల వేసే మనిషి లేని ఇంటికి వాటా లేదు. భర్త దశరథ చనిపోయాక నర్సింగమ్మకూ, ఆమె ఇద్దరు పిల్లలకూ ఆ వాటా పోయింది. ఎవరైనా జాలిపడి చేప పంపితే తిప్పి పంపేది.

మగ్గం మనిషి, చేపల్లో వాటా లేనివాడు కనుక పంచే పని మామది. దారాలు కుట్టిన ఆ ఏడు సరిగ్గా ఆరు వందలే పడ్డాయి. వారం దాకా మామ మీసం కిందికి దిగలేదు. తప్పుకని ఇరవై తీసి, ఇంటికి ఇరవై పంచాడు. మరుసటేడు నాలుగు వందల యాభై. తప్పుకు పదిహేను, ఇంటికి పదిహేను.

“నీ తప్పు గూడ మాకే పంచరాదె?” అన్నాడు ఎల్లస్వామి.

“తప్పును పంచితే లెక్క పాడైతది. నీకు తినుడే తెల్సు, ఊకో.”

అందరూ పోయాక నేను మెల్లగా అడిగాను. “మామా, నీ తప్పు ఏటేటా ఒక ఇంటి వాటా అంతే ఎట్లొస్తది?”

మామ ఆ తప్పు చేపల్ని గంపలో వేశాడు. గంప మీద మోదుగాకులు కప్పాడు.

“నీకు లెక్క నేర్పుడే నా తప్పు. ఎత్తుకో. నర్సింగమ్మ ఇంట్ల దింపిరా. ఎందుకని అడిగితే, మామ లెక్క మల్ల తప్పింది, ఊళ్లె నవ్వుతరు, జర దాచిపెట్టుమన్నడని చెప్పు. నవ్వకుండ చెప్పు.”