ఇంకా ఏడవలేదేటి?

పాఠక మహాశయులారా, ముందుగా సాష్టాంగపడి క్షమాపణ వేడుకుంటున్నాను. పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు తెల్లచొక్కా వేసుకుని, గొంతు సవరించుకుని రాయాలంటారు. నాకున్న ఒక్క తెల్లచొక్కా ఈ గనుల ఊరి దుమ్ముకు ఎప్పుడో ఎర్రబడింది. నా గొంతు సంగతి మా రేడియో విన్నవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. కాబట్టి కింద దొర్లబోయే నవ్వులన్నిటికీ బాధ్యత నాదే. ఒక్కదానికీ చింతించడం లేదు.

మా రేడియో స్టేషన్ ఎదురింటి అత్తయ్య కిందటి వారం కన్నుమూసింది. ఆ ఉదయం స్టేషన్ ఫోనులో ఆవిడ నంబరే కనబడింది. అలవాటుకొద్దీ, "అత్తయ్యా, ఇవాళ తప్పు నాది కాదు, కరెంటుది" అన్నాను. అవతల ఆవిడ పెద్దకూతురు. "అమ్మ ఎల్లిపోనాదిరా" అంది. ఆ నంబరుకు ఎన్నో సంజాయిషీలు చెప్పినవాణ్ణి. ఈసారి ఫోను పెట్టేసి ఎదురింటికి నడిచాను.

విజయనగరం వైపు నుంచి కిరందుల్ లైనుకు వచ్చి స్థిరపడిన రైల్వే కుటుంబం వాళ్లది. ఇనుపరాయి మోసే గూడ్సు నడిపిన మామయ్య పోయాక ఆవిడకు గోడగడియారం, రేడియో, నేను మిగిలాం. మొదటి రెండింటికీ తేడా వస్తే మూడోవాడికి ఫోను. ఎందుకంటే మా టౌన్‌షిప్ రేడియోలో పాటలూ ప్రకటనలూ, నెట్టులో వచ్చే సర్కారు హెచ్చరికలూ వరసగా వదిలే కంప్యూటరును కాపలా కాసేది నేనే.

"ఏటిరా, నా గోడమీద ఏడు దాటిపోనాది. నీ రేడియోలో ఇంకా ఏడవలేదేటి?"

"ఎందుకేడవాలి అత్తయ్యా, బాగానే ఉన్నాంగా!"

"పరాసికాలు ఆపి టైము సరిగ్గా సెప్పు."

ఈ పోరు పడలేక ఒకనాడు సెల్‌ఫోను చూసి కంప్యూటరు గడియారాన్ని చేత్తో సరిచేశాను. తెరమీద అంకెలు కుదిరాయి. కానీ లోపల ఎక్కడో ఊరి పేరు లండన్ అనే ఉండిపోయింది. లండన్‌లో ఏడంటే మనకు మధ్యాహ్నం పన్నెండున్నర. అంటే మా పెట్టె మాకంటే అయిదున్నర గంటలు ముందు బతుకుతోందన్నమాట. పాటలకు అంకెలు చాలు కనక ఎవరికీ అనుమానం రాలేదు.

వానాకాలంలో ఒక సంతరోజు ఆ గుట్టు బయటపడింది. మా సంత వాగులోని ఇసుకమీదే పరుచుకుంటుంది. కొండమీద వాన పడితే, కింద ఎండ కాస్తున్నా, ఎర్రనీళ్లు విరుచుకుపడతాయి. ఆ రోజు కొండ నల్లగా మూసుకుపోయింది. మా రేడియోలో ఒక జంట ప్రేమించుకుంటూ పాడుతోంది. ఫోను మోగింది.

"ఏటిరా, నా సెల్లు కుయ్యోమని అరిసింది! బాఢ్ అని హిందీలో వచ్చింది. వరదొస్తంటే నువ్వు పాటలెట్టుకుని కూకున్నావా?"

కొంటా వైపు మనిషి మా మేనేజరు కంప్యూటరు మీదికి వంగాడు. "ఏందిర భై, అలర్ట్ వచ్చి పడే ఉన్నది గద! బయటికెందుకు పోతలేదు?"

చూద్దుం కదా, దాని పక్కన 'గడువు తీరింది' అని ఉంది. మూడు గంటలపాటు చెల్లే హెచ్చరికను, అయిదున్నర గంటలు ముందున్న మా పెట్టె పాచిపోయిన అన్నంలా పక్కకు నెట్టేసింది!

"లండన్ సంగతి తర్వాత చూద్దం, జల్దీ మైకు తీయి!" అని మేనేజరు పాట నోరు నొక్కేశాడు. ఆయన హిందీలో, గోండీలో, నేను తెలుగులో కేకలు పెట్టాం. టీకొట్టు రేడియోలో అది విని సంత సంతంతా లేచింది. కోళ్లు, ఉప్పుమూటలు, ఇప్పపువ్వు బుట్టలు, పసిపిల్లలు, అన్నీ గట్టెక్కాయి. కాసేపటికే వాగు వచ్చి కింద పరిచిన టార్పాలిన్ పట్టాలను చుట్టేసుకుపోయింది. మనిషన్నవాడు ఒక్కడు కూడా ఇసుకలో లేడు!

ఆ తర్వాత మాకు పూనకం వచ్చింది. గడియారాన్ని లండన్ నుంచి మన దేశానికి రప్పించాం. నెట్టు ఉంటే నెట్టులోంచి, లేకపోతే ఉపగ్రహాల నుంచి టైము అందుకునేలా మిద్దెమీద చిన్న యాంటెన్నా పెట్టాం. హెచ్చరిక వస్తే ఎంత గొప్ప పాటైనా ఎవరినీ అడక్కుండా ఆగిపోయేలా అమర్చాం.

"ఆకాశంలోంచి టైము దింపుతున్నార్రా? మీ మామయ్య అక్కడే ఉన్నాడు. ఆయన్నడిగినా సెప్పును" అంది అత్తయ్య.

నెలకోసారి హెచ్చరికను పరీక్షించాలి. 'ఇది పరీక్షా ప్రసారం' అని నేను రాసుకున్నది వినిపిస్తే ఆవిడ మొహం చిట్లించింది. "అదెవడికి అర్దమవుద్ది? ఉత్తుత్తిదని సెప్పు. లేకపోతే ముసిలోళ్లు పరిగెట్టి కాళ్లిరగ్గొట్టుకుంటారు." అప్పట్నుంచీ మా రేడియోలో, "ఇది ఉత్తుత్తి హెచ్చరిక, అన్నం తినేవాళ్లు తినండి" అని వస్తుంది. రేడియో చరిత్రలో ఇంతకంటే మర్యాదైన హెచ్చరిక నేను వినలేదు.

వరద తప్పిన కొన్నాళ్లకు అత్తయ్య స్టూలెక్కి, మామయ్య గడియారాన్ని మా రేడియో చూసి సరిచేసింది. మాకు అంతకంటే బిరుదు ఏముంటుంది? చిక్కేమిటంటే, ఇక తేడా లేదు. తేడా లేదు కనక ఫోను లేదు. ఎదురింట్లో ఆవిడ పొద్దుటిపూట ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చోవడం నాకు కిటికీలోంచి కనబడేది.

కిందటి వారం అంత్యక్రియల దగ్గర పెద్దకూతురు నన్ను చూసి, "ఏటిరా, ఏడవలేదేటి?" అంది. నేను వాచీ చూసుకున్నాను.

ఇక ఒప్పుకుంటున్నాను. వరదను పసిగట్టింది అత్తయ్య, ఊరిని లేపింది మేనేజరు, టైము దింపింది ఉపగ్రహాలు. నా సొంత బుర్రతో నేను చేసిన పని ఒక్కటే. గడియారాన్ని ముట్టుకోలేదు, హెచ్చరికల జోలికి పోలేదు. పొద్దున్నే 'సమయం ఏడు గంటలు' అని చెప్పే ప్రకటనకు ముందు ఒక నిమిషం వేణువు ఇరికించాను. మర్నాడే ఫోను మోగింది. ఆ తర్వాత రోజూ మోగింది. టైము గురించి తిట్టడం చిటికెలో అయిపోయేది. తర్వాత మోకాళ్లు, మనవడు, నేను తిన్నదీ తిననిదీ. ఒకసారి మాత్రం, "రోజూ సరిగ్గా ఒక్క నిమిషమే ఆలస్యం అవుద్దేటిరా? మీ ఆకాశం బలే కచ్చితంగా తప్పుతోంది" అని చాలాసేపు నవ్వింది.

ఆ నిమిషాన్ని ఇంకా తీయలేదు. ఈ ఉదయం కూడా వేణువు మొదలైంది. ఫోనును దగ్గరికి జరుపుకుని కూర్చున్నాను. ఎదురింటి గోడమీద ఏడు దాటిపోయే ఉంటుంది. ఇక్కడ మాత్రం ఇంకా ఏడవలేదు.