కొక్కెం పిన్ను

మిన్నెసోటా సరస్సుల దగ్గర ఏ విడిది నుంచి బయల్దేరినా లైల్ హౌగెన్, కారు వెనక తగిలించిన చిన్న ఇంటి ట్రైలర్ చుట్టూ మూడుసార్లు తిరగందే ఇంజను స్టార్ట్ చేయడు. డెబ్బై నాలుగేళ్ల మనిషి. బరువైన సామానంతా ముందువైపే ఉందో లేదో చూస్తాడు. వెనక బరువెక్కితే దారిలో ట్రైలర్ ఊగి కారునే ఈడ్చేస్తుందని భయం. కారుకీ ట్రైలర్‌కీ మధ్య అడ్డంగా వేసిన గొలుసులను బూటుతో తడతాడు. కొక్కెం విడిపోకుండా పిన్ను దూరుస్తాడు, ఎప్పుడూ ఎడమవైపు నుంచే.

ఆ ఉదయం నాలుగో చుట్టు కూడా మొదలుపెట్టాడు.

“ప్రేమించుకునే రోజుల్లో కూడా నా చుట్టూ ఇన్నిసార్లు తిరగలేదు కదయ్యా!” అంది భార్య వెర్నా, కాఫీ ఫ్లాస్కుతో నిలబడి.

“నువ్వు ఊడిపోయేదానివి కాదుగా,” అంటూ వంగాడు. పిన్ను ఉంది. కుడివైపు నుంచి దూర్చి ఉంది.

“ఇది నేను పెట్టానా?”

“మరెవరు పెడతారు?” వెర్నా బిగించిన ఫ్లాస్కు మూతనే మళ్లీ బిగించింది.

“ఎన్నాళ్ల నుంచి మర్చిపోతున్నాను, వెర్నా?”

“ఈ వేసవిలోనే... మూడుసార్లు నేనే పెట్టాను.”

లైల్ తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు. “పల్లంలో బ్రేకు గట్టిగా తొక్కకు,” అని, పక్క సీట్లో కూర్చుని, ఇన్నేళ్లూ డ్రైవరు సీట్లో చేసినట్టే బెల్టు కోసం ఎడమ భుజం మీద చాలాసేపు తడుముకున్నాడు.