ప్లాస్టిక్ చక్రాల తూము

కామారెడ్డి కొత్తగా జిల్లా అయిన మరుసటి ఏడాది, యాసంగి, అంటే రబీ పనులు మొదలు కాబోయే ముందు, నీటిపారుదల శాఖలో నన్ను ఎల్లారెడ్డి సబ్‌డివిజన్‌కు డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా, అంటే డి.ఇ.గా వేశారు. మా శాఖలో ఇది మధ్యమెట్టు. కింద అసిస్టెంట్ ఇంజనీర్లు పని చేయిస్తారు. పైన ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, అంటే ఇ.ఇ., మంజూరు చేస్తారు. పని సరిగా జరిగిందా లేదా అని దగ్గరుండి చూడాల్సింది డి.ఇ. ఏదైనా తప్పు జరిగితే అందరి చేతికీ సులువుగా అందేది కూడా డి.ఇ.యే.

శాఖలో ఎక్కువమంది సివిల్ చదివినవాళ్లు. నాది మెకానికల్. అందువల్ల కట్టలు, కాలువలు ఎవరివైనా, షట్టర్లు, గేర్లు, మొరాయించిన మరలు అన్నీ నా బల్ల మీదికే వచ్చేవి.

ఇక్కడ నా అలవాటు ఒకటి చెప్పాలి. ప్లాస్టిక్ ముక్కలు, పిన్నులు, పళ్ల చక్రాలు ఉండి, వాటిని బిగించి క్రేన్లు, బండ్లు తయారు చేసుకునే ఆటసెట్లు వస్తాయి కదా, వాటిని నేను సేకరిస్తాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక గేరుపెట్టె లెక్క అంతుపట్టక మొదటి సెట్టు కొన్నాను. లెక్క అర్థమైంది గానీ అలవాటు పోలేదు. ఎల్లారెడ్డికి వేసేనాటికి కామారెడ్డిలో మా ఇంటి బీరువాలో చీరలకు ఒక అరే మిగిలింది. పిన్నులను పోపుల డబ్బాలాంటి డబ్బాలో రకాలవారీగా పెట్టుకునేదాన్ని. మా ఆయన తెలుగు పండితుడు. ఒక ఆదివారం వంట తను చేస్తానని పూనుకుని, ఆ డబ్బాలోని నల్ల పిన్నులను లవంగాలనుకుని బగారన్నంలో వేశాడు. ఆ రోజు మేం హోటల్లో తిన్నాం. ఆఫీసులో మాత్రం ఈ సంగతి ఎవరికీ తెలియనివ్వలేదు. యాభై దాటిన ఆడమనిషి, పైగా ఇంజనీరు, ఇంటికెళ్లి బొమ్మలతో ఆడుకుంటుందని తెలిస్తే కాంట్రాక్టర్లు నా మాట వింటారా?

ఎల్లారెడ్డికి కొంత దూరంలో ఒక పెద్ద చెరువుంది. దాని తూముకు రెండు షట్టర్లు. ఒకటి ఎడమ కాలువకు, ఒకటి కుడి కాలువకు. రెంటికీ కలిపి నడుమ ఒకే పిడి. పిడి తిప్పితే అడ్డంగా ఉన్న ఇరుసు తిరుగుతుంది. ఇరుసు రెండు కొసల్లోని చిన్న పళ్ల చక్రాలు, షట్టర్ల మీద పడుకోబెట్టినట్టుండే పెద్ద పళ్ల చక్రాలను తిప్పుతాయి. అవి తిరిగితే మరలున్న కడ్డీలు పైకి లేచి షట్టర్లను లేపుతాయి. పాత సరంజామా తుప్పు పట్టిపోతే ఆ ఏడాది కొత్తది బిగించారు. దుమ్ము పడకుండా కడ్డీలకు ఇనుప గొట్టాలు తొడిగి, చక్రాలను మూతలతో మూశారు. తూము ముందు ఇసుక బస్తాలు వేసి నీళ్లు ఆపి, షట్టర్లు రెండూ సగం ఎత్తులో ఉండగా పని పూర్తి చేశారు.

ట్రయల్ రన్‌కు నేనే వెళ్లాను. పిడి పది చుట్లు తిప్పించాను. ఎడమ మూత తీయించి చూస్తే కడ్డీ చక్కగా లేచింది. కుడి మూత తీయించలేదు. ఎండ మండుతోంది, ఎడమ పక్కన కాస్త నీడ ఉంది. రెండూ సరిగా పనిచేస్తున్నాయని రాసి సంతకం పెట్టాను.

బస్తాలు తీసి నీళ్లు వదిలిన వారానికి గొడవ మొదలైంది. తూము తెరిచి మూసే ఉద్యోగిని మా శాఖలో లష్కరు అంటారు. అక్కడి లష్కరు గంగారాం. రిటైర్మెంటుకు ఇంకో తొమ్మిది నెలలుంది. ఎడమ కాలువ వాళ్ల దగ్గర కల్లు తాగి వాళ్లకే నీళ్లు ఇస్తున్నాడని కుడి కాలువ రైతులు అర్జీ పెట్టారు. మూడోనాడు ఎడమ కాలువ రైతులు అర్జీ పెట్టారు. అందులో గంగారాం కుడి కాలువ వాళ్ల దగ్గర కోడి తిన్నాడని ఉంది.

నేను గంగారాంను పిలిచి అడిగాను.

"ఇటు తిప్పితే అటు పోతది మేడం, అటు తిప్పితే ఇటు పోతది. నడిమిట్ల పెడితే ఇద్దరికి సగం సగం పోతది. సగం నీళ్లతోని ఎవ్వరి మడి తడుస్తలేదు. నేనేం జెయ్యాలె?" అన్నాడు.

రెండూళ్ల నడుమ నలిగిపోతున్న మనిషి తన బాధ చెప్పుకుంటున్నాడని నేననుకున్నాను. ఎవరికీ పక్షపాతం చూపకుండా డ్యూటీ చేయమని హితబోధ చేసి పంపాను.

నాలుగు రోజుల్లో పరిస్థితి ముదిరింది. పొద్దున ఎడమ కాలువ రైతులు వచ్చి పిడిని ఒక వైపు తిప్పేవాళ్లు. మధ్యాహ్నం కుడి కాలువ రైతులు వచ్చి రెండో వైపు తిప్పేవాళ్లు. చివరికి కుడి కాలువ వాళ్లు పిడికి గొలుసు చుట్టి తాళం వేశారు. మేమేం తక్కువ అని ఎడమ కాలువ వాళ్లు ఇంకో తాళం వేశారు. సర్కారు తూముకు రెండు తాళాలు పడ్డాయి, సర్కారు మనిషి చేతిలో ఒక్క తాళంచెవీ లేదు. నాట్లు వేసిన మళ్లు నెర్రెలు విచ్చుతున్నాయి. విచారణ జరిపి రెండు రోజుల్లో నివేదిక ఇవ్వాలని, లష్కరు దోషి అయితే సస్పెన్షన్‌కు సిఫారసు చేయాలని ఇ.ఇ. గారు ఆదేశించారు.

ఫోన్‌లో కాంట్రాక్టరు, అంతా డ్రాయింగ్ ప్రకారమే ఉందని ఒట్టేశాడు. అడిగినవాళ్లందరికీ రెండు షట్టర్లూ పనిచేస్తున్నాయని నేనూ అదే ధీమాతో చెబుతున్నాను. సంతకం పెట్టింది నేనే కదా. అయినా ఆ సాయంత్రం కామారెడ్డి చేరాక మనసు ఒప్పక, డ్రాయింగ్ ముందు పెట్టుకుని ఆ తూమును ప్లాస్టిక్ ముక్కలతో కట్టడం మొదలుపెట్టాను. మరకడ్డీలు సెట్లలో లేవు. తలుపు గడియల కోసం మా ఆయన తెచ్చిన పొడవాటి బోల్టులు రెండు తీసుకుని, వాటి నట్లను పెద్ద చక్రాల్లో ఇరికించాను. సబ్బుపెట్టె మూత కోసి రెండు షట్టర్లు చేశాను. గంటన్నరలో తూము తయారైంది. పిడి తిప్పాను. ఎడమ షట్టరు లేచింది. కుడిది దిగింది.

నన్ను నేను తిట్టుకున్నాను. డ్రాయింగ్‌లో చిన్న చక్రాలు రెండూ తమ తమ పెద్ద చక్రాలకు కుడి పక్కనే ఆనుతాయి. నేను చూడ్డానికి బాగుంటుందని రెంటినీ లోపలివైపుకు, ఎదురెదురుగా పెట్టాను. చిన్న చక్రం ఆనే పక్క మారితే పెద్ద చక్రం తిరిగే దిక్కు మారుతుంది. ఇది మొదటి సంవత్సరం పాఠం. ముప్పై ఏళ్ల సర్వీసు పెట్టుకుని బొమ్మ కూడా సరిగా బిగించలేకపోయానని చక్రం ఊడదీయబోయాను. చెయ్యి ఆగిపోయింది. ఇటు తిప్పితే అటు, అటు తిప్పితే ఇటు. గంగారాం తన బాధ చెప్పుకోలేదు. యంత్రం ఎలా నడుస్తోందో పొల్లుపోకుండా చెప్పాడు. నేను దాన్ని సామెతలా విన్నాను.

మర్నాడు ఎల్లారెడ్డి ఆఫీసులో ఇ.ఇ. గారు రెండు కాలువల రైతులనూ, కాంట్రాక్టరు తరఫు ఫిట్టరునూ పిలిపించారు. నేను ఆ తూమును ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాను. పక్క సీట్లో తునికాకు కట్ట పెట్టుకున్న ఒకామె చాలాసేపు దాన్నే చూసింది.

"బీడీలు చుట్టే మిషనా అమ్మా? గిది వస్తే మా పని పోతదా?" అని అడిగింది.

కాదు, చెరువు తూమని చెప్పాను. ఇంత చిన్న తూముతో ఎన్ని ఎకరాలు పారతాయని అడిగింది. ఎల్లారెడ్డి వచ్చేదాకా వేళ్ల మీద లెక్క వేస్తూనే ఉన్నాను.

దాన్ని బల్ల మీద పెట్టగానే ఇ.ఇ. గారు, ఇది విచారణా, బొమ్మల కొలువా అని అడిగారు. రైతులు నవ్వారు. నేను దాన్ని కుడి కాలువ రైతు లింగవ్వ ముందుకు జరిపి, తిప్పమన్నాను. అర్జీ మీద మొదటి వేలిముద్ర ఆమెదే. లింగవ్వ తిప్పింది. కుడి షట్టరు లేచింది, ఎడమది పడింది. ఎడమ కాలువ పెద్దమనిషి బాల్‌రాజు ఊరుకోలేక చేయి చాచి వెనక్కి తిప్పాడు. ఎడమది లేచింది, కుడిది పడింది. ఆమె మళ్లీ తిప్పింది. ఆయన మళ్లీ తిప్పాడు. వారం రోజులుగా కట్ట మీద జరుగుతున్నది మా ఆఫీసు బల్ల మీద జరిగింది.

నాలుగోసారి లింగవ్వ చెయ్యి తీసేసింది.

"ఏందే బాల్‌రాజు, నాది లేస్తే నీది పడుతది, నీది లేస్తే నాది పడుతది! గంగారాం అన్న జేసిందేమున్నది ఇండ్ల? వట్టిగనే కోడి దిన్నడంటిరి."

"నువ్వు కల్లు తాగిండని అన్లేదా?" అన్నాడు బాల్‌రాజు.

నేను ఫిట్టరును అడిగాను. అతను దాచలేదు. "డ్రాయింగ్‌ల చక్రాలు వంకరగ ఉన్నయి మేడం. గీసినాయన తప్పు గీసిండనుకున్న. రెండు దిక్కుల ఒక్క తీరుగుంటే మంచిగుంటదని నేనే సక్కజేసిన" అన్నాడు. ముందురోజు నేనూ అదే చేశాను కాబట్టి గట్టిగా తిట్టలేకపోయాను.

ఇ.ఇ. గారు అప్పటికే తూమును తన వైపు లాక్కున్నారు. కుడి చక్రాన్ని అవతలి పక్కకు మార్చి ఇవ్వమన్నారు. మార్చాను. తిప్పారు. రెండూ కలిసి లేచాయి. దించారు. మళ్లీ లేపారు. టీ చల్లారిపోయిందని అటెండరు రెండుసార్లు చెప్పాడు.

మధ్యాహ్నం అందరం కట్ట మీదికి వెళ్లాం. లింగవ్వ తమ తాళం తీసింది. ఎడమ కాలువ వాళ్ల తాళంచెవి ఉన్నాయన రామారెడ్డి అనే ఊళ్లో పెళ్లికి పోయాడు. ఫోన్ చేస్తే, భోజనం చేసి వస్తానన్నాడు. బాల్‌రాజు తమ తాళాన్ని తానే రాయితో పగలగొట్టాడు. కుడి మూత తీస్తే చక్రం లోపలివైపే ఉంది. ఇరుసు మీద దాన్ని అవతలి పక్కకు మార్చి బిగించడానికి మూడు గంటలు పట్టింది. ఎడమ షట్టరు ఎత్తుకు కుడిదాన్ని సరిచేసి, గంగారాంను పిడి తిప్పమన్నాను. రెండు కాలువల్లోనూ నీళ్లు ఒక్కసారే ఉరికాయి. జనం కేకలు పెట్టారు. గంగారాం చేతులు తుడుచుకుని నా దగ్గరికి వచ్చాడు.

"మొదటి దినమే జెప్పిన గద మేడం" అన్నాడు.

"చెప్పావు, నేనే వినలేదు" అన్నాను. అంతమంది ముందు ఆ మాట అనడం తేలికేమీ కాలేదు. అతను మాత్రం తలూపి, కండువా దులుపుకుని, కాలువలు చూసి వస్తానని వెళ్లిపోయాడు.

నివేదికలో గంగారాం నిర్దోషి అని, ట్రయల్ రన్‌లో కుడి మూత తీయించకపోవడం నా లోపమని రాశాను. నాకు మెమో వచ్చింది, సంజాయిషీ ఇచ్చాను. నివేదికలో నేను ఆటబొమ్మ అని రాసిన చోట ఇ.ఇ. గారు కొట్టేసి, ప్రదర్శన నమూనా అని రాశారు. ఆ మాటతో అది ప్రభుత్వ రికార్డయింది. తిరిగి ఇవ్వమని రెండుసార్లు లేఖ రాశాను. ఫైలు మూసిన తర్వాత ఇస్తామని జవాబు వచ్చింది. ఫైలు ఇంకా మూయలేదు. నా బదిలీ అయ్యేదాకా ఆ చుట్టుపక్కల రైతులు నన్ను బొమ్మల మేడం అనే పిలిచారు. కాంట్రాక్టర్లు నా మాట వినడం ఏమీ తగ్గలేదు. పైగా కొత్త గేరు బిగించిన ప్రతిసారీ, మేడం ఇంట్లో కట్టి చూస్తుందేమోనని ముందే రెండు మూతలూ తీసి చూపించేవాళ్లు.

ఒకే విషయం మీద రెండు వైపుల నుంచీ పొసగని ఫిర్యాదులు వస్తే, ఎవరో ఒకరు అబద్ధం చెబుతున్నారని అంతవరకు అనుకునేదాన్ని. ఆ తర్వాత, రెండూ నిజమే అనుకుని, రెండూ నిజం కావాలంటే యంత్రం ఎలా ఉండాలో ముందు గీసి చూసుకోవడం మొదలుపెట్టాను. మిగిలిన సర్వీసులో చాలాసార్లు యంత్రం అలాగే ఉంది. రెండుసార్లు మాత్రం మనుషులే అబద్ధం చెప్పారు.