బతికేవాళ్ల మంచం

మా చిన్నాయన పోయాడన్న కబురు నాకు నంద్యాల బస్టాండులో తెలిసింది. ఆళ్లగడ్డ బస్సు దిగిన మా ఊరి ఆసామి ఒకాయన నన్ను చూసి చేతిసంచి కింద పెట్టాడు. "అప్పా, మీ చిన్నాయన పోయినాడు. ఇత్తనం గొర్రు తోల్తా తోల్తా చేన్లోనే కూలబడినాడు. మంచం తెచ్చేలోపలే పాణం పోయింది" అన్నాడు. సంచి మళ్లీ ఎత్తుకుంటూ, "ఊరంతా మీ ఇంటికాడనే ఉండారు. ఈ పొద్దు నేల పదునున్నా ఒక్క గొర్రు గూడా కదల్లేదు" అన్నాడు. ఏడుపొచ్చింది. విత్తే పదును వదులుకుని రైతులు ఒక మనిషి కోసం కూర్చున్నారంటే గర్వంగానూ అనిపించింది.

మా ఊరు ఆళ్లగడ్డ రోడ్డుకు దూరంగా, నల్లరేగడి నడుమ ఉంది. వాన పడిందంటే బండి చక్రం ఇరుసు దాకా దిగబడుతుంది. కర్నూలు రాజధాని అయిందని జనం సంబరపడే రోజుల్లో చిన్నాయన, "రాజధాని వచ్చెనంట, మన ఊరికి దావ ఎప్పుడొస్తాదో ఎవర్నన్నా అడగండప్పా" అని ఎగతాళి చేసేవాడు. ఎగతాళితో ఊరుకునే మనిషైతే నేనీ నాలుగు మాటలు రాసేవాణ్ణి కాదు. వానాకాలంలో జబ్బుపడినవాళ్లను నులక మంచం మీద రోడ్డు దాకా మోయడానికి ఆయనొక గుంపును కట్టాడు. అందరూ దాన్ని మంచం గుంపు అనేవాళ్లు.

మోసేవాళ్లను ఎత్తు చూసి జత కలిపేవాడు. పొలమున్న ఆసామి పక్కన అదే పొలానికి కూలికొచ్చే మనిషి భుజం పెట్టాల్సి వచ్చేది. ఒకాయన మొహం చిట్లిస్తే, "నీ ఎత్తుకు సరైన ఆసామిని యాడన్నా సూపీ, మారుస్తా. మంచం వంకరైతే మాత్రం పడేది నువ్వు కాదు" అన్నాడు. ఆయన వచ్చి భుజం పెట్టాడు. ఇంకో కట్టుబాటు కూడా ఉండేది. శవాన్ని కాళ్లు ముందుకు పెట్టి మోస్తారు గనుక ఈ మంచం తల ముందుకు పెట్టుకునే పోవాలి. ఎంత వానైనా మొహం కప్పకూడదు. పక్కన ఒకరు గొడుగు పట్టుకుని, జబ్బుమనిషిని మాట్లాడిస్తూ నడవాలి.

అయినా భయం భయమే. మా వీధిలో ఒక పెద్దావిడ కూతురు పుట్టింటికి కాన్పుకొచ్చింది. బిడ్డ అడ్డం తిరిగింది, తన చేత కాదు, నంద్యాల ఆసుపత్రికి తీసుకుపొమ్మని మంత్రసాని చేతులెత్తేసింది. బయట జోరువాన. గుంపు మంచం తీసుకుని వచ్చింది. పెద్దావిడ గడపకు అడ్డం నిలబడింది.

"నా బిడ్డ పాణంతో ఉండంగానే నలుగురెత్తుకొని పోతారా? ఒప్పుకోను పో!"

చిన్నాయన వాదించలేదు. మంచం దింపించి, తానే ఎక్కి పడుకున్నాడు. "ఎత్తండప్పా నన్ను. వీధి చివరిదాకా తిప్పుకొని రాండి" అన్నాడు. ఎత్తారు. మా ఇంటి ముందుకొచ్చేసరికి మా చిన్నమ్మ బయటికొచ్చి, మంచం మీద మొగుణ్ణి చూసి, గుండెలు బాదుకుంటూ ఏడుపందుకుంది. ఆయన లేచి కూర్చుని, "ఏందే ఆ ఏడుపు? సచ్చినానా యేమి? ఆకలైతాంది, సంగటి కెలుకు పో!" అని కసిరాడు. వీధి వీధంతా నవ్వింది. లోపల నొప్పులతో మెలికలు తిరుగుతున్న ఆ పిల్ల కూడా నవ్విందట. "అమ్మా, నేను పోతానే" అంది. ఇక పెద్దావిడ అడ్డు తొలగింది.

మోకాలిలోతు బురదలో భుజాలు మార్చుకుంటూ నడిచారు. "దావ ఇడువండప్పా, బతికే మనిషి!" అని చిన్నాయన ముందు నడుస్తూ అరిచాడు. రోడ్డెక్కి, చేతులు అడ్డం పెట్టి బస్సు ఆపారు. నంద్యాలలో తల్లీబిడ్డా ఇద్దరూ దక్కారు. ఆ మంచం మీద పోయి ఇంకా చాలామంది బతకడం నేనెరుగుదును గానీ, ఆ రోజును మా ఊరు ఇప్పటికీ తన సొంత గొప్పగా చెప్పుకుంటుంది. చెప్పుకోవలసిందే. ఆ తర్వాత మంచాన్ని తన వసారాలోనే పెట్టుకుంటానని పెద్దావిడ అడిగి తీసుకుంది.

నేను ఊరు చేరేసరికి పాడె కడుతున్నారు. గుంపులోని పడుచువాళ్లకు అది నచ్చలేదు. ఇన్నేళ్లు మోసిన మనిషిని ఆ మంచం మీదే తీసుకుపోదామని అడగడానికి వెళ్లారు. నేనూ వెళ్లాను, నాకూ అదే మర్యాద అనిపించింది. పెద్దావిడ కళ్లు తుడుచుకుంటూనే అడ్డంగా తల ఊపింది.

"అది బతకాలని పోయేటోళ్లది నాయనా. ఆయప్ప లేచొస్తే మిమ్మల్ని తిడతాడు."

చిన్నాయనను పాడె మీదే మోశాం. నేనూ భుజం పట్టాను.

తిరిగొచ్చేసరికి మబ్బు పట్టింది. ఎండకు వదులైన మంచం నులకను పెద్దావిడ వసారాలో కూర్చుని బిగిస్తోంది. ఎదురుగా, చిన్నాయన కడచూపుకని అత్తగారింటి నుంచి వచ్చిన ఆమె కూతురు కూర్చుని, మంచం కోడుకు కాలు తన్నిపెట్టి, తాడు రెండో కొసను రెండు చేతులా లాగుతోంది.