ఊడిపోవడానికి వేసిన కుట్టు

2022లో నేను న్యూజెర్సీలోని ప్లెయిన్స్‌బరోలో ఒక డ్రైక్లీనింగ్ షాపు వెనకగదిలో ఆల్టరేషన్లు చేసేదాన్ని. పొడుగు తగ్గించడం, నడుము వదులు చేయడం, జిప్పు మార్చడం నా పని. మూడో తరగతితో బడి ఆగింది గాని సూది ఆగలేదు. పగలంతా నాకు మిషను చప్పుడే తోడు. షాపు నడిపే పద్మ మన తెలుగమ్మాయే అయినా ఎప్పుడూ ముందు కౌంటర్ దగ్గరే ఉండేది.

ఒక మధ్యాహ్నం లూసియా అనే ముసలావిడ వచ్చింది. నాకన్నా పెద్దది. కరీబియన్ దీవుల్లోని డొమినికన్ రిపబ్లిక్ నుంచి ఎప్పుడో వచ్చేసిందట. సంచిలోంచి పసుపెక్కిన తెల్లచొక్కా తీసింది. పడుచుపిల్ల కొలత. ఎడమవైపు గుండె మీద నలుచదరంగా సూది బెజ్జాలున్నాయి, దారం లేదు.

"ఇక్కడ గుడ్డముక్క కుట్టాలి. నేను లాగితే ఊడిపోవాలి," అంది.

"లాగినా ఊడకుండా కుట్టేదాన్నమ్మా నేను," అన్నాను.

ఆవిడ నవ్వలేదు. స్టూలు మీద కూర్చుంది. మా ఇద్దరిదీ వచ్చీరాని ఇంగ్లీషే, అందుకని నిదానంగా చెప్పింది.

ఆవిడ చిన్నప్పుడు ఆ దేశాన్ని ఒక నియంత ఏలేవాడు. ఆడవాళ్ళు గుండె మీద అతని బొమ్మ కుట్టుకుని ఊరేగింపులో నడవాలి. నవ్వుతూ నడవాలి. ఆవిడ అక్క ఇనేస్, కుట్టుశాలలో ఉన్న తోటి ఆడవాళ్ళు కలిసి ఆ బొమ్మల్ని చెయిన్ స్టిచ్‌తో కుట్టారు. అంటే గొలుసుకుట్టు, బియ్యం బస్తా మూతికి ఉండేదే. సరైన కొస దొరికితే ఒక్క లాగుతో మొత్తం వచ్చేస్తుంది. నియంత కూర్చున్న వేదిక ముందుకు రాగానే అందరూ దారాలు లాగారు. బొమ్మలు నేల మీద రాలాయి. వాళ్ళు ఆగకుండా నడిచారు. వాళ్ళలో లూసియా కూడా ఉంది; ఆవేళ ఆవిడ వేసుకున్నది ఈ చొక్కానే, దానికి బొమ్మ కుట్టింది ఇనేస్.

"అక్కని పట్టుకెళ్ళారు. ఇది ఆడదాని బుర్రకి తట్టదు, నేర్పిన మగాడి పేరు చెప్పు, వదిలేస్తాం అన్నారు."

"చెప్పలేదా?"

"చెప్పడానికి మగాడుంటే కదా."

ఇనేస్ తిరిగి రాలేదు.

ఆ ఆదివారం చర్చి హాల్లో, అప్పట్లో ఎదురు తిరిగిన ఆడవాళ్ళను తలుచుకునే సభ ఉంది. ఇనేస్ తన ప్రియుడి మాట విని ఆ పని చేసిందని అక్కడ ఒక పెద్దమనిషి చెప్పబోతున్నాడట. కాదనడానికి ఆ ఊరేగింపులో నడిచినవాళ్ళలో లూసియా తప్ప ఎవరూ మిగల్లేదు.

"నోటిమాట నమ్మరు. లాగి చూపిస్తాను. కుడదామంటే చేతులు వణుకుతున్నాయి," అంది.

పద్మ ఈ మాటలు విని లోపలికొచ్చింది. "పెద్దమ్మా, ఊడిపోయే కుట్టు వేసిచ్చామంటే మన షాపు పేరేం కాను?"

"ఊడకపోతేనే పోతుంది పేరు. నువ్వెళ్ళి కౌంటర్ చూసుకో."

మామూలు మిషను మీద వచ్చేది లాక్ స్టిచ్. పైదారం, కిందదారం ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. గట్టిగా లాగితే గుడ్డ చిరుగుతుంది గాని కుట్టు రాదు. అందుకని మగ్గం పనికి వాడే కొక్కెం సూది, ఆరీ, తీశాను.

"గుడ్డ మీద బొమ్మ కావాలా?" అని అడిగాను.

"ఖాళీది చాలు. అతన్ని మళ్ళీ ఎందుకు కుట్టడం?"

నేను దాచుకున్న దుప్పటి పీలిక సరిపోయింది. కొత్త బెజ్జం పడకుండా ఇనేస్ సూది దిగిన చోటే నా సూదీ దించాను. చివరి గొలుసుకి ముడివేయబోయాయి నా వేళ్ళు. అలవాటు. ఆపుకున్నాను.

రమ్మంటే సభకి వెళ్ళాను. కుర్చీలు సగానికి పైగా ఖాళీ. చొక్కా ఆవిడకి పట్టదు, ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పెద్దమనిషి ప్రియుడి మాట ఎత్తగానే లేచి, చొక్కా పైకెత్తి లోపలి కొస లాగింది. గుడ్డ రాలిపడింది.

అతను స్పానిష్‌లో ఏదో అడిగాడు. ఆవిడ "ఇనేస్" అంది. నమ్మనట్టు మళ్ళీ అడిగాడు. "ఇనేస్" అనే అంది. ఈ కుట్టు నేర్పిందెవరని అడుగుతున్నాడని తెలియడానికి నాకు ఆ భాష రానక్కర్లేదు. అతను చేతిలో కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

లూసియా చొక్కా సంచిలో పెట్టుకుని ఒక్కతే బస్‌స్టాపు వైపు వెళ్ళింది. మళ్ళీ షాపుకి రాలేదు.

అంతవరకు పాతబట్ట వస్తే ముందు టేపు తీసేదాన్ని. ఇప్పుడు ఎవరు కుట్టారని అడుగుతాను. చాలామందికి తెలియదు. తెలిసినవాళ్ళు చెబితే ఆ పేరు ఒకసారి పైకి అనుకుని, ఆ తర్వాతే సూదిలోకి దారం ఎక్కిస్తాను.