కుర్చీ పట్టేంత ఖాళీ

ఫోన్లో మా నాన్న మాట్లాడేవి రెండే ముక్కలు. "తిన్నావామ్మా?" అన్నది మొదటిది. "ఇదిగో, మీ అమ్మకిత్తన్నా" అన్నది రెండోది. ఈ రెండింటి మధ్యలో నేను "తిన్నాను నాన్నా" అనాలి. అందులో సగమే ఆయన వింటాడు, మిగతా సగం అమ్మ చెవిన పడుతుంది. గోదావరి పక్క మా ఊళ్లో ఆయనది సప్లై కంపెనీ. పెళ్లిళ్లకీ ప్రార్థన కూటాలకీ షామియానాలు, కుర్చీలు, మైకులు అద్దెకిస్తాడు. ఊళ్లో అందరి గొంతూ ఆయన మైకులో మోగుతుంది, ఆయనది తప్ప.

నేను ఆయన పోలికే. బర్ దుబాయ్‌లో ఒక ఆసుపత్రిలో నర్సుని. పేషెంట్లతో గలగలా మాట్లాడతాను. బీపీ చూసి పట్టీ విప్పేలోపు వాళ్ల అల్లుడు ఎలాంటివాడో కూడా కనుక్కుంటాను. ఇంటికి ఫోన్ చేస్తే మాత్రం "బాగానే ఉన్నా" దగ్గర బండి ఆగిపోతుంది. కరోనా వచ్చిన మొదటి ఏడాదంతా ఆ ఒక్క మాటతోనే నెట్టుకొచ్చాను. మాస్కు ఒరుసుకుని ముక్కు మీద తోలు లేచినప్పుడూ అదే మాట, సెలవులు రద్దయినప్పుడూ అదే మాట. దాచాలని కాదు, చెప్పడం చేతకాక.

ఆ రోజుల్లోనే నాకు ఈ ఫొటోల పిచ్చి పట్టుకుంది. నాలుగైదు ఫొటోలు విడివిడిగా తీసి, కావలసిన ముక్కలు కత్తిరించి, లాప్‌టాప్‌లో ఒకదానిమీద ఒకటి అతికి, లోకంలో ఎక్కడా లేని దృశ్యమొకటి తయారు చేయడం. కాంపోజిట్ అంటారు. వీడియోలు చూసి నేర్చుకున్నాను. టీ కప్పులో పీకల్లోతు మునిగిన నేను. డ్యూటీ బూట్లోంచి మొలిచిన కొబ్బరి మొక్క. నోరు పెగలని వాళ్ల కోసం దేవుడు తెరిచిపెట్టిన దొడ్డిదారి అనుకున్నాను దీన్ని.

నా గదిలో ఇంకో మంచం నెల్లూరు ఆపాది. ఆపా అంటే వాళ్ల ఉర్దూలో అక్క. ఆవిడకి దుబాయ్‌లోనే డేరా అనే పేటలో ఒక బ్యూటీ పార్లర్‌లో పని. లాక్‌డౌన్‌లో పార్లర్ మూసేయడంతో నా పక్కన లైటు పట్టుకునే ఉద్యోగం ఆవిడ మీద పడింది. నన్ను 'సిస్టర్' అంటుంది. నేను ఏ ఫొటో తీసినా అందులో నా కనుబొమలు ఎలా వచ్చాయని మాత్రమే చూస్తుంది, ఎందుకంటే అవి ఆవిడ తీర్చినవి.

ఒకసారి మా బిల్డింగ్ నాతూర్ దగ్గర, అంటే వాచ్‌మన్ దగ్గర, ఖాళీ పక్షి పంజరం ఒకటి అడిగి తెచ్చాను. యూనిఫాంలో నేను నిలబడి ఉంటాను. మెడ మీద తలకి బదులు పంజరం. దాని తలుపు తెరిచే ఉంటుంది, లోపల ఏమీ ఉండదు. పిట్ట బయటికొచ్చి నా భుజం మీద కూర్చుంది కానీ ఎగిరిపోవడం లేదు. తలుపు తీసినా ఎక్కడికీ పోలేని దిగులన్నమాట. పిట్ట వేషం వేసింది మా ఏసీ డబ్బా మీద కాపురముండే పావురం. అన్నం మెతుకులు లంచమిస్తే గానీ మొహం ఇటు తిప్పలేదు.

"మాషా అల్లా, బాగుండాది సిస్టర్," అంది ఆపా. "కానీ తలకాయ పెట్టుంటే ఇంకా బాగుండు. నా కష్టమంతా పాయె."

ధైర్యం చేసి ఇంటికి పంపాను. గంట తిరక్కుండా అమ్మ ఫోన్.

"ఏంటే ఇది? తలకాయేదే?"

"అది ఫీలింగమ్మా."

"ఫీలింగైతే తలకాయ తీసేత్తారా? ఇంతకీ దీనర్థం ఏంటే?"

అర్థం చెప్పగలిగితే ఫొటో ఎందుకు తీస్తాను? "ఏం లేదు, బాగానే ఉన్నా" అన్నాను. అమ్మ నమ్మలేదు. మా చర్చి స్త్రీల సమాజం వాట్సాప్ గ్రూపులో ఆ ఫొటో పెట్టి, 'మా పెద్దమ్మాయికి దుబాయ్‌లో ఇలా అయింది, ప్రార్థించండి' అని రాసింది. ఏమైందో రాయలేదు. దాంతో చూసిన వాళ్లు తలో రోగం ఊహించుకున్నారు.

మర్నాడు పాస్టర్ గారు ఫోన్ చేశారు. మెడ మొదలుకొని పైభాగమంతటికీ ప్రార్థన చేశారు. ఆయన గొంతుకి స్పీకర్ అక్కర్లేదు. పక్క మంచం మీద ఆపా లేచి కూర్చుని, కొంగు తలమీదికి లాక్కుని, రెండు చేతులూ పైకెత్తి చివర్లో నాకంటే ముందే "ఆమీన్" అనేసింది.

"ఇంకొకరున్నారా అమ్మా అక్కడ?" అన్నారు పాస్టర్ గారు.

"మా రూమ్మేటండి."

"మంచిది. విశ్వాసం గల బిడ్డ." ఆ తర్వాత కాస్త గొంతు తగ్గించి, "ఆ పావురం మట్టుకు చాలా బాగుందమ్మా. పరిశుద్ధాత్మకి గుర్తు కదా. దాన్నొక్కదాన్నీ కత్తిరించి పంపగలవా? కూటాల ఫ్లెక్సీకి కావాలి" అన్నారు.

పంపాను. మా ఏసీ డబ్బా పావురం వీసా గొడవ లేకుండా మా ఊరి సెంటర్లో, పాస్టర్ గారి తలమీద, వెలుగు కిరణాల మధ్య రెపరెపలాడింది. నా దిగులు మాత్రం ఇక్కడే ఉండిపోయింది.

నాకు ఒళ్లు మండింది. మా ఊళ్లో ఏ సెంటర్ చూడండి, ఫ్లెక్సీలే. పుట్టినరోజు కుర్రాడు కుర్చీలో కూర్చుంటాడు, పక్కన పులి ఉంటుంది, పోయిన తాతగారు మబ్బుల్లోంచి తొంగి చూస్తుంటారు, కింద నలభై తలకాయలు వరసగా వేలాడుతుంటాయి. ఆ పులి ఎందుకని ఈ రోజు వరకూ ఎవరూ అడగలేదు. నేను ఒక్క పంజరం పెడితే ఊరంతా ఉపవాస ప్రార్థన.

మరుసటి ఏడాది చెల్లి పెళ్లి కుదిరింది. అప్పుడు దుబాయ్ నుంచి వెళ్లడానికి విమానాలున్నాయి, తిరిగి రావడానికి లేవు. వెళ్తే ఉద్యోగం ఖలాస్. రాలేనని చెప్పిన రోజున చెల్లి ఒక్క మాటంది.

"పెళ్లి ఫొటోలో నువ్వు లేకపోతే నాకా ఫొటోనే వద్దు. గోడకి తగిలించనివ్వను."

అక్కడితో నా ఫోన్ ఎత్తడం మానేసింది. సండే స్కూలు నుంచీ మా ఇద్దరికీ విడి ఫొటో అంటూ లేదు. ఒకళ్లకి జ్వరమొస్తే రెండోవాళ్లం ఫొటోకి పోయేవాళ్లం కాదు. అది ఊరికే బెదిరించే రకం కాదని నాకు తెలుసు.

ఉపాయం చెప్పింది అమ్మే. "తలకాయలు తీసి పంజరాలెట్టే దానివి, నిన్ను నువ్వు తెచ్చి ఫొటోలో ఎట్టుకోలేవా?"

మా ఇంట్లో నా కళకి దక్కిన మొట్టమొదటి గుర్తింపు అది. చెల్లి అమ్మచేత కబురు పంపింది: అతికించినట్టు కనబడిందా, ఊరుకోదు. చేతకాదంటే ఇప్పుడే చెప్పమంది, ఫ్లెక్సీ కొట్టువాడు తయారుగా ఉన్నాడట. నా పాస్‌పోర్టు ఫొటోలోంచి తల తీసి ఎవరిదో పట్టుచీర మీద పెడతాడట. ఆ పాస్‌పోర్టు ఫొటోలో నేను ఇప్పుడే దొంగతనం ఒప్పుకున్నదానిలా ఉంటాను. ససేమిరా అన్నాను.

పెళ్లి రోజు డ్యూటీ మధ్యలో, ఆసుపత్రి టీ గదిలో కూర్చుని వీడియో కాల్‌లో చూశాను. ప్రమాణాలయ్యాయి, పాటలయ్యాయి. చర్చి ఆవరణలో నాన్న షామియానా కింద ఫొటోకి నిలబడ్డారు. తెల్ల పట్టుచీరలో చెల్లి, పక్కన పెళ్లికొడుకు.

"పెద్దదానికి చోటొదలండి!" అని అమ్మ కేక పెట్టింది.

చెల్లి పక్కన అందరూ జరిగారు. ఎంత జరగాలన్న దానిమీద పంచాయితీ మొదలైంది. మా మేనత్త, "మొన్న వీడియోలో చూశాను, ఒళ్లు చేసింది. ఇంకాస్త జరగండి" అంది.

"అత్తా, నేను వింటన్నా!" అని అరిచాను. ఫోన్ పట్టుకున్న పిన్ని కొడుకు శబ్దం తగ్గించేశాడు.

అంతలో నాన్న ఫ్రేములోంచి మాయమై, ఒక ప్లాస్టిక్ కుర్చీతో తిరిగొచ్చాడు. దాన్ని చెల్లి పక్కన వేశాడు. అందర్నీ కుర్చీకి ఆనుకుని నిలబెట్టాడు. తర్వాత కుర్చీ లాగేశాడు. జీవితమంతా మనుషుల్ని కుర్చీల లెక్కన కొలిచిన మనిషి.

"కుర్చీ పట్టేంత. సాలు," అన్నాడు.

నాకు వార్డు నుంచి పిలుపొచ్చింది. ఫోన్ పెట్టేసి వెళ్లాల్సి వచ్చింది.

వారానికి ఫొటోలు వచ్చాయి. లాప్‌టాప్‌లో తెరిచాను. చెల్లి, పక్కన ఖాళీ. ఆ ఖాళీలోంచి, వెనక బిర్యానీ డేగిసా దగ్గర గరిట పట్టుకుని కెమెరాలోకి నవ్వుతున్న వంటాయన. అందరికంటే ఆయనే బాగా పడ్డాడు. ఖాళీకి అవతలి పక్కన నాన్న.

నాన్న చెయ్యి చాచి ఉంది. అరచెయ్యి కిందికి వంచి, వేళ్లు కాస్త ముడిచి, గాలిమీద పెట్టి ఉంది. నా భుజం ఉండాల్సిన చోట.

తర్వాతి ఫొటో చూశాను. చెయ్యి అలాగే ఉంది. దాని తర్వాతదీ అంతే. చంటిపిల్ల ఏడిస్తే అందరూ అటు తిరిగిపోయిన ఫొటో ఉంది, అందులో నాన్న కూడా అటే చూస్తున్నాడు, కానీ చెయ్యి మాత్రం దిగలేదు. నాకు ఏడుపొచ్చింది. ఆపా కంగారుపడి వచ్చి చూసి, "యా అల్లా, నాయన చెయ్యి" అని తనూ మొదలుపెట్టింది. ఇద్దరం కాసేపు ఏడ్చి, టీ తాగి, పనిలో పడ్డాం.

పని చిన్నది కాదు. నాన్న షామియానా ఎరుపూ పసుపూ చారలది. దాని కింద నిలబడ్డ వాళ్లందరి మొహాలూ గోరింటాకు పెట్టుకున్నట్టు ఎర్రగా పడ్డాయి. మా కిటికీ వెలుతురేమో తెల్లగా, ఆసుపత్రి గోడలా ఉంటుంది. అలాగే అతికితే పెళ్లిలోకి పేషెంటు వచ్చినట్టుంటుంది. ఆపా తన ఎర్ర దుపట్టా, పసుపు దుపట్టా కలిపి కిటికీకి కట్టింది. మా గదిలో షామియానా వెలిసింది. నాకు చీర కట్టి, మల్లెపూలు దొరక్క తన పార్లర్ నుంచి ప్లాస్టిక్ పూలు తెచ్చి పెట్టి, దూరంగా నిలబడి చూసింది.

"యల్లా సిస్టర్, నవ్వు. షాదీ అది, మయ్యత్తు కాదు. ఆ, చాలు. కనుబొమలు కదిలించొద్దు."

నన్ను కత్తిరించి ఆ ఖాళీలో నిలబెట్టాను. ఒకటీ సరిపోలేదు. నీడ కుడికి పడాల్సింది ఎడమకి పడింది, దిద్దాను. రంగు దిద్దాను. మేనత్త మాట నిజమో కాదో చెప్పను గానీ, చీర కుచ్చిళ్లు రెండు పక్కలా కాస్త సర్దాను. ఎత్తు మాత్రం నాకు తెలుసు, చెల్లి కంటే రెండు వేళ్లు ఎక్కువ. ఆ లెక్కన పాదాలు నేలకి ఆనించాను. ఇక నాన్న చెయ్యి జరపాలి అనుకుని చూశాను.

జరపక్కర్లేదు. చెయ్యి సరిగ్గా నా భుజం మీదే ఉంది. ఆ ఫొటో మొత్తంలో నేను ముట్టుకోనిది అదొక్కటే.

చెల్లికి పంపాను. మళ్లీ మళ్లీ ఫోన్ చూసుకున్నాను. చివరికి తనే చేసింది.

"అక్కా," అంది. ముక్కు ఎగబీల్చింది. "అతికించినట్టు లేదే. వచ్చినట్టే ఉంది." మళ్లీ ముక్కు ఎగబీల్చి, "నీ చెవిలోంచి ఆ గరిటేంటే?" అంది.

వంటాయన నా వెనక దాక్కున్నాడు, గరిట దాక్కోలేదు. తీసేయనా అన్నాను. "వద్దు, ఉండనీ. మా ఆయన ఇంకా ఆ బిర్యానీనే తలుచుకుంటన్నాడు" అంది. ఫొటో వాళ్ల హాల్లో గోడకెక్కింది. చూసినవాళ్లు పెద్దమ్మాయి దుబాయ్ నుంచి ఎప్పుడొచ్చిందని అడిగితే, "ఆ పూటకొచ్చి ఆ పూటే ఎల్లిపోయింది" అని అమ్మ తడుముకోకుండా చెబుతోందట.

పని అయిపోయింది కానీ నా మనసు తీరలేదు. నాకోసం ఇంకొకటి చేసుకున్నాను. ఆ ఫొటోలోంచి అందర్నీ తీసేశాను. చెల్లిని, అమ్మని, గరిటని కూడా. షామియానా కూడా తీసేసి, ఆ చోట మా గది పెట్టాను. డ్యూటీ నుంచి వచ్చి బూట్లు కూడా విప్పకుండా మంచం అంచున కూర్చున్న నేను. ఒళ్లో మూత తీయని టిఫిన్ డబ్బా. నా భుజం మీద తెల్లచొక్కా చేతి మడత వరకూ నాన్న చెయ్యి. దాని వెనక మనిషి లేడు.

ఈసారి అమ్మకి పంపలేదు. విడి చెయ్యి చూస్తే పాస్టర్ గారు ఏకంగా విమానమెక్కుతారు. నాన్న ఫోన్‌కే పంపాను. ఆయన ఫొటోలు తెరుస్తాడో లేదో కూడా తెలియదు.

మర్నాడు నాన్న తనంతట తనే ఫోన్ చేశాడు. ఎప్పుడూ లేదు.

"తిన్నావామ్మా?"

"తిన్నాను నాన్నా."

అమ్మ గొంతు కోసం చూశాను. రాలేదు. వెనకెక్కడో కుర్చీలు ఒకదాన్లో ఒకటి పేరుస్తున్న చప్పుడు.

"ఆ ఫొటోలాయన శానాసేపు నిలబెట్టాడమ్మా," అన్నాడు. "సెయ్యి దింపెయ్యి, దింపెయ్యి అన్నారందరూ. దింపితే నీ కొలత తప్పుద్దని దింపలేదు."

బాగానే ఉన్నా అనబోయాను. నోటికి రాలేదు.

"నాన్నా, నాకు ఇంటికి రావాలనుంది," అన్నాను.

అవతల కుర్చీల చప్పుడు ఆగింది.

"ఇదిగో, మీ అమ్మకి..." అని ఆగాడు. "వద్దులే. ఉండు, ఇంకాసేపు నేనే మాట్లాడతా."

చాలాసేపు ఆలోచించాడు. తర్వాత అడిగాడు.

"తిన్నావామ్మా?"